ఫోన్‌లో కనిపించే పసుపు ధర, నిజామాబాద్ యార్డులో చేతికొచ్చే ధర: తేడా ఎక్కడ?

ప్రశ్న: ఉడకబెట్టి ఆరబోసిన పసుపు 20 క్వింటాళ్లు ఉంది. అగ్‌మార్క్‌నెట్‌లో (యార్డుల ధరలు చూపే ప్రభుత్వ వెబ్‌సైట్) ఒక రేటు, ఎన్‌సీడీఈఎక్స్‌లో (సరుకుల ఫ్యూచర్స్ ఎక్స్ఛేంజ్) ఇంకో రేటు, ఈ-నామ్‌లో (యార్డుల ఆన్‌లైన్ వేలం) మరోటి. దేన్ని నమ్మాలి? కొమ్ము (వేలిలా పొడవుగా ఉండేది), మండ (గుండ్రటి తల్లి దుంప) కలిపి ఒకే లాట్‌గా పెట్టొచ్చా?

జవాబు 1: కలపొద్దన్నా. కలిపితే ఖరీదుదారు మొత్తానికీ మండ రేటే వేస్తాడు. కొమ్ము, మండ, చూర వేరుచేసి, గేటు దగ్గర మూడింటికీ వేర్వేరు లాట్ నంబర్లు రాయించండి.

రేట్ల సంగతి: అగ్‌మార్క్‌నెట్‌లో గరిష్ఠ ధర చూడకండి, అది ఆ రోజు ఒక్క మంచి లాట్‌కే పలికి ఉండొచ్చు. మోడల్ ధర చూడండి, ఎక్కువ సరుకు అమ్ముడైంది దానికే. ఎన్‌సీడీఈఎక్స్‌ది రాబోయే నెలల డెలివరీకి, వాళ్లు నిర్ణయించిన నాణ్యతకు పలికే ధర. ధర ఎటు పోతోందో తెలుసుకోవడానికి పనికొస్తుంది, మీ లాట్ రేటు మాత్రం కాదు.

జవాబు 2: అసలు తేడా తేమ దగ్గరే వస్తుంది. 10 శాతం లోపు ఉండాలి. కొమ్ము విరిస్తే ఫట్‌మని విరగాలి. వంగితే ఇంకా ఎండాలి. పైపైన ఎండి లోపల పచ్చిగా ఉన్న సరుకు పాలిష్‌లో బాగానే కనిపించి, నాణ్యత పరీక్షలో దొరికిపోతుంది. ఈ-నామ్‌లో బయటి ఊళ్ల వ్యాపారి సరుకు చూడకుండా బిడ్ వేయాలంటే ఆ పరీక్ష రిపోర్టే ఆధారం. అది లేకుంటే ఎదురుగా ఉన్న నలుగురే పోటీ. అందుకే టెండర్‌కు ముందే పరీక్ష చేయించమని పట్టుబట్టండి.

వచ్చిన బిడ్ నచ్చకపోతే ఒప్పుకోనక్కర్లేదు, ఆ హక్కు రైతుకుంది. ఒప్పుకుంటే కాంటా దగ్గరే నిలబడండి. ఖాళీ సంచి తూకం వేయించి అంతే తీయించండి, అంతకు మించిన తరుగుకు ఒప్పుకోవద్దు. తక్‌పట్టీలో (అమ్మకం చీటీలో) లాట్ నంబరు, నికర బరువు, రేటు సరిచూసుకున్నాకే కదలండి. బ్యాంకు ఖాతాలో పేరు, ఆధార్‌లో పేరు ఒక్కలా లేకపోతే డబ్బు ఆగుతుంది. ఇది ముందే సరిచేయించుకోండి.

జవాబు 3: ధర నచ్చక ఆపుకోవాలంటే డబ్ల్యూడీఆర్ఏ (గోదాముల నియంత్రణ సంస్థ) దగ్గర నమోదైన గోదాములోనే పెట్టి ఎలక్ట్రానిక్ రసీదు తీసుకోండి. మామూలు కాగితం చీటీ ఆ రసీదుకు సాటి రాదు. ఆ ఎలక్ట్రానిక్ రసీదును కుదువ పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. లెక్క ముందే వేసుకోండి: లక్షకు 9 శాతం చొప్పున 4 నెలలకు వడ్డీ 3,000, గోదాము అద్దె అదనం. రసీదు మీద గడువు తేదీ ఉంటుంది, దాటనివ్వొద్దు. తేమతో దించిన పసుపుకు పురుగు పడుతుంది, అప్పుడు రసీదులో రాసిన గ్రేడ్ నిలవదు.