హామ్‌స్టర్లలో ఎంఫిసీమాను ఆపిన నిరోధకం గోదావరి డెల్టా రోగులకు అక్కరకొస్తుందా?

గోదారి_ఛాతీ (కాకినాడ): బీడీ పొగ, కట్టెల పొయ్యి, దాళ్వా కోతలయ్యాక గడ్డి తగలబెట్టే పొగ, ఇవన్నీ పీల్చి ఆయాసంతో వచ్చేవాళ్లకు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ (ఎలాస్టేజ్ అనే ఎంజైమును ఆపే రక్తంలోని ప్రోటీన్) ఎక్కించాలని కొందరు వాదిస్తున్నారు. హామ్‌స్టర్ శ్వాసనాళంలో ఎలాస్టేజ్ వేసేముందు దాన్ని ఆపే నిరోధకం ఇస్తే ఎంఫిసీమా (ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు తెగిపోయే జబ్బు) బాగా తగ్గిందన్నదే వాళ్ల ఆధారం. ప్రయోగం నిజమే, దాన్నుంచి ఇక్కడికి దూకడమే తప్పు. ఒక్క మోతాదు ఎలాస్టేజ్‌తో మొదటి రోజే ఎలాస్టిన్ (ఆ గోడలకు సాగే గుణమిచ్చే ప్రోటీన్) పడిపోతుంది. తర్వాత కొన్ని వారాల్లో దాని పరిమాణం మళ్లీ పెరిగినా గోడల అల్లిక మాత్రం పూర్వంలా కుదరదు. నిరోధకం ముందే ఉంటే ఆ తెగడాన్ని ఆపుతుంది, తెగిన గోడను మాత్రం కట్టలేదు.

ప్రోటీన్_బల్ల (రాజమండ్రి): పొగ సంగతి వదిలేశారండి. మనిషిలో దెబ్బ ఒక్కసారితో పోదు, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఏళ్ల తరబడి ఎలాస్టేజ్ వదులుతూనే ఉంటాయి. పైగా పొగలోని ఆక్సీకారకాలు యాంటీట్రిప్సిన్‌లో 358వ స్థానంలోని మెథియోనిన్‌ను పాడుచేస్తాయి. ఎలాస్టేజ్‌కు ఎర అదే. అది పాడైతే రక్తంలో లెక్క సరిపోయినా ఊపిరితిత్తుల్లో పని సగంలోనే ఆగుతుంది. "మామూలుగా ఉంది" అనే రిపోర్టును నేను అంత తేలిగ్గా నమ్మను.

మైక్రోటోమ్ (అమలాపురం): ఇద్దరూ స్లైడు దగ్గరికి రండి. ఊపిరితిత్తిని 25 సెంటీమీటర్ల నీటి పీడనంతో ఫార్మలిన్ నింపి బిగించాలి. పీడనం తగ్గితే జబ్బున్న గదులు కూడా ముడుచుకుపోయి మామూలుగా కనిపిస్తాయి. పెరిగితే పోలిక కోసం ఎలాస్టేజ్ బదులు సెలైన్ ఇచ్చిన జంతువుకీ ఎంఫిసీమా ఉన్నట్టే ఉంటుంది. సూటి గీతలు వేసి, మొత్తం పొడవును గోడలు అడ్డొచ్చిన సంఖ్యతో భాగిస్తేనే గోడల మధ్య సగటు దూరం తెలుస్తుంది. ఎలాస్టేజ్ ద్రవం ఊపిరితిత్తిలో ఒకే లోబ్‌లోకి (భాగంలోకి) జారితే మిగతా లోబ్‌లు శుభ్రంగా ఉంటాయి. అన్ని లోబ్‌ల నుంచీ ముక్కలు తీయని ఫలితాన్ని నమ్మొద్దు. ఎలాస్టేజ్‌ను మిల్లీగ్రాముల్లో కాదు, చురుకుదనం యూనిట్లలో కొలవాలి, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ తేడా వస్తుంది.

గోదారి_ఛాతీ: ప్రోటీన్_బల్ల గారూ, మెథియోనిన్ మాట ఒప్పుకుంటాను. కానీ 1997లో మాక్రోఫేజ్ ఎలాస్టేజ్ (మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు వదిలే వేరే ఎంజైము) జన్యువు తీసేసిన ఎలుకలకు సిగరెట్ పొగ పట్టినా ఎంఫిసీమా రాలేదు. ఆ ఎంజైమును యాంటీట్రిప్సిన్ ఆపలేదు, పైగా అదే యాంటీట్రిప్సిన్‌ను కోసేస్తుంది. పొగ రోగిలో మీ నిరోధకం సగం శత్రువునే ఎదుర్కొంటుంది. వారానికి కిలోకి 60 మిల్లీగ్రాములు ఎక్కించే పద్ధతి పుట్టుకతో లోపం ఉన్నవాళ్ల కోసం. 1963లో స్వీడన్‌లో గుర్తించిన లోపం అది. వాళ్లలో కూడా 2015లో వెలువడిన పరీక్షలో సీటీ సాంద్రత తగ్గడం నెమ్మదించింది గానీ ఊదే పరీక్షలో లాభం తేలలేదు.

ప్రోటీన్_బల్ల: సరేనండి, అందరికీ ఎక్కించాలని నేను అనను. ఆ లోపం తెచ్చే Z జన్యువు మన దగ్గర అరుదు, అయినా ఒక్కసారైనా రక్తంలో యాంటీట్రిప్సిన్ పరీక్ష చేయకుండా లేదని కొట్టేయొద్దు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రక్తం తీస్తే ఈ ప్రోటీన్ దానంతట అదే పెరిగి లోపాన్ని కప్పేస్తుంది. అందుకే సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) కూడా చూసి, జ్వరం తగ్గాక మళ్లీ తీయండి. లీటరుకు 11 మైక్రోమోల్ కంటే తక్కువొస్తే జన్యుపరీక్షకు పంపండి.