శింగనమల చెరువులో దిగినవి హంసలేనా?

చెరువుగట్టు (అనంతపురం):
కార్తీకం మొదట్లో ఒకనాటి తెల్లవారుజామున శింగనమల చెరువు కట్ట మీద నిలబడి చూస్తే, బురద తేలినచోట ఇరవై దాకా పెద్ద పక్షులు దిగి ఉన్నాయి. బూడిదరంగు ఒళ్లు, తెల్లని తల, తల వెనుక కాటుకతో గీసినట్టు రెండు నల్లని పట్టెలు. మా అవ్వ వాటిని హంసలంటుంది. హంసలు నిజంగా మన వైపు వస్తాయా? వలసకాలంలో అవి ఎలాంటి చోట్ల దిగుతాయో తెలిసినవారు చెప్పగలరు.

బడిపంతులు (కర్నూలు):
అయ్యా, అవి హంసలు కావు. ఇంగ్లీషులో బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతులు; ఆ రెండు పట్టెలే గుర్తు. అసలు హంసల్లో ఒక జాతి అయిన హూపర్ హంస దానికి మూడింతల బరువుంటుంది. ఐస్‌లాండులోనూ రష్యా ఉత్తరాననూ పిల్లలు చేసి, నీళ్లు గడ్డకట్టే వేళకు బయలుదేరి, ఐస్‌లాండువి సముద్రం దాటి బ్రిటన్, ఐర్లండ్‌లకు, సైబీరియావి జపాన్, కొరియా, చైనా తీరాలకు చేరతాయి. మన దేశపు వాయవ్యాన దారితప్పి ఒకటి కనబడితేనే విశేషం. రాయలసీమ మాట ఇక చెప్పనక్కరలేదు.

హంస మేతకు నీటిలో పూర్తిగా మునగదు. తల కిందికీ తోక పైకీ పెట్టి, మెడ అందినంత మేర, అంటే సుమారు మీటరు లోతున, నీటిమొక్కల దుంపలూ వేళ్లూ పెరుక్కుని తింటుంది కనుక దానికి లోతు తక్కువ నీరే కావాలి. పైగా 8, 10 కిలోల దేహం గాలిలోకి లేవాలంటే నీటి మీద కాళ్లతో తపతప కొట్టుకుంటూ చాలా దూరం పరుగెత్తాలి. తుంగ కమ్మేసిన చిన్న కుంట దానికి పనికిరాదు.

శనగచేను (కడప):
అవ్వ మాటను తీసిపారేయకండి. పాత సంస్కృత కవులు హంస అన్నది ఈ బాతునే కావచ్చునని చాలామంది అంటారు. మానససరోవరం ఉన్న టిబెట్ పీఠభూమి సరస్సుల దగ్గరే ఇది గుడ్లు పెడుతుంది. అక్కడి నుంచి హిమాలయాలు దాటి వచ్చే ఈ పక్షికి పరికరం కట్టి గమనించినప్పుడు 7,290 మీటర్ల ఎత్తు నమోదయింది. పాలూ నీళ్లూ వేరుచేసే సంగతి మాత్రం నన్నడగవద్దు.

చెరువుగట్టు:
సందేహం తీరింది, పంతులు గారూ. మరి పొద్దెక్కాక కూడా అవి కదలకుండా నిద్రపోతున్నట్టే ఉన్నాయెందుకు?

శనగచేను:
రాత్రంతా చేలలో మేసి వచ్చాయన్నమాట. పైరు చివుళ్లన్నా, కోసిన మళ్లలో రాలిన గింజలన్నా వాటికి ఇష్టం. పగలు నీటి దగ్గర సేదతీరుతాయి. మీరు కట్ట దిగకుండానే చూడండి. ముందు ఒకటి మెడ నిక్కిస్తుంది. రెండోది నిక్కించేలోగా వెనక్కి తగ్గకపోతే మంద మొత్తం లేచిపోతుంది.