మెర్నెప్తా శిలాఫలకంలో "ఇశ్రాయేలు విత్తనం లేదు": ఈ మాటను ఎంతవరకు నమ్మాలి?

శిలాక్షరం: 1896లో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ ఈజిప్టులోని లక్సర్ పడమటి గట్టున, ఫరో (ఈజిప్టు రాజు) మెర్నెప్తా ఆలయ శిథిలాల్లో తవ్వి తీసిన రాయి ఇది. మూడు మీటర్లకు పైగా ఎత్తు, 28 పంక్తులు. దాదాపు అంతా లిబియన్ల మీద గెలుపు గురించే. చివర్లో కనాను (నేటి ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతం): అష్కెలోను, గెజెరు, యనోయాము ఊళ్లు, ఆపైన "ఇశ్రాయేలు పాడైంది, దాని విత్తనం లేదు". క్రీ.పూ. 1208 ప్రాంతం. బైబిల్ బయట ఆ పేరు దొరికిన మొదటి చోటు ఇదేనని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంది?

పెన్నాతీరం: అయితే ఇశ్రాయేలీయులు ఈజిప్టు నుంచి బయటపడ్డారని చెప్పే బైబిల్ నిర్గమకాండం నిజమైనట్టే కదా!

శిలాక్షరం: కాదండీ. ఈజిప్టు నుంచి వచ్చారని రాతిలో ఒక్క ముక్క లేదు. అప్పటికి కనానులో ఉన్నారని మాత్రం తెలుస్తుంది. మిగతా మూడు పేర్ల పక్కన పరాయి దేశాన్ని చెప్పే కొండల గుర్తు ఉంది. ఇశ్రాయేలు పక్కన కూర్చున్న మగమనిషి, ఆడమనిషి, మూడు గీతలు. అంటే ఊరు కాదు, జనం.

గోదారిగట్టు: ఒక్క గుర్తు మీద ఇంత మేడ కడతారా? లేఖకుడు పొరపాటు పడి ఉండొచ్చు. "విత్తనం లేదు" అని రాసిందీ అతనే. మరి మూడు వందల ఏళ్లు దాటాక మోయాబు రాజు మేషా ఎవరితో యుద్ధం చేశాడు? ఆయనా "ఇశ్రాయేలు శాశ్వతంగా నశించింది" అనే చెక్కించాడు.

మెట్టచేను: విత్తనమంటే గింజలే కావచ్చు. చేను తగలబెడితే మరుసటి ఏడు వేసుకోవడానికి ఏం మిగులుతుంది?

పాతపుస్తకం: అసలు ఆ రాయి అంతకుముందు ఫరో మూడో అమెన్‌హోటెప్‌ది. రెండో వైపు మెర్నెప్తా వాడుకున్నాడు.

శిలాక్షరం: గోదారిగట్టు గారూ, నశించారన్నది గొప్పలే, ఒప్పుకుంటా. కానీ లేని శత్రువును గెలిచానని ఎవరూ చెప్పుకోరు. మీరు ప్రతి రికార్డునూ ఇలాగే కొట్టిపారేస్తారు. చరిత్ర అలా చదవరు.

గోదారిగట్టు: ఎలా చదవాలో నాకు చెప్పకండి. మా పేట జలాశయం కింద మునిగిపోయింది. మా ఇళ్లున్న సర్వే నెంబర్ల ఎదురుగా "నివాసాలు లేవు" అని రాశారు. మా నాన్న ఆ కాగితం నకలు పట్టుకుని పదకొండేళ్లు తిరిగారు. మడతల దగ్గర చిరిగితే అన్నం మెతుకులతో అతికించుకునేవారు. వెళ్లిన ప్రతిచోటా ఒకటే మాట: "రికార్డులో అలా ఉంది కదా."

శిలాక్షరం: క్షమించండి, నాకు తెలియదు. అయినా ఒక్క మాట. లేరని చెప్పడానికైనా మెర్నెప్తా వాళ్ల పేరు చెక్కించాల్సి వచ్చింది. అందుకే ఈ రోజు వాళ్ల గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

గోదారిగట్టు: మా కాగితంలో పేట పేరే లేదండీ, నెంబర్లే. అప్పటి కనానులో ఆ రాతికెక్కని పల్లెలు ఎన్నో ఉండి ఉంటాయి. గొడ్లు తోలుకుని, గింజలు దాచుకుని బతికినవాళ్లు. రాయి గట్టి సాక్ష్యమే, కాదనను. కానీ మీ మొదటి పోస్టులో వాళ్ల గురించి ఒక్క మాటైనా లేదు. నా గొడవ గుర్తు గురించి కాదు, దాని గురించే.