రిపోర్ట్ బాగానే ఉంది, అయినా స్టెంట్ పడింది. ఏం వదిలేశాం?

రాత్రిషిఫ్ట్:
అమెరికాలో నర్సుగా చేస్తున్నాను. నాతో పనిచేసే నల్లజాతి అమెరికన్ ఆవిడకు 54 ఏళ్లు, సిగరెట్ అలవాటు లేదు, పోయిన నెల గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఏడాది కిందటి రిపోర్ట్ నా చేతికిచ్చింది: రక్తంలో కొవ్వయిన ట్రైగ్లిజరైడ్స్ 78, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 66, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 128. హెచ్‌డీఎల్ పక్కన పెన్నుతో టిక్కు కూడా ఉంది. ఇంత బాగుంటే టెన్షన్ ఎందుకని డాక్టరు పంపించేశారట. బీపీకి మాత్రం ఎనిమిదేళ్లుగా మాత్ర వేసుకుంటోంది. ఆ కాగితం చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు.

లిపిడ్‌క్లినిక్:
ఆ టిక్కు దగ్గరే పొరపాటు జరిగింది. నల్లజాతి అమెరికన్లలో సగటున ట్రైగ్లిజరైడ్స్ తక్కువ, హెచ్‌డీఎల్ కాస్త ఎక్కువ, అలాగని గుండెజబ్బుతో చనిపోయేవాళ్లేం తక్కువ కాదు. 2022లో వచ్చిన రీగార్డ్స్ అధ్యయనం ఫలితాల్లో, హెచ్‌డీఎల్ తగ్గితే ముప్పు పెరగడం తెల్లవాళ్లలో కనిపించింది గానీ నల్లవాళ్లలో కనిపించలేదు, ఎక్కువుంటే కాపాడుతుందన్నది మాత్రం ఇద్దరిలోనూ తేలలేదు. ఎల్‌డీఎల్ అలా కాదు, పెరిగితే ఎవరికైనా ముప్పే. 128 ఉండి, పైన బీపీ కూడా ఉన్నప్పుడు ఎల్‌డీఎల్ తగ్గించే స్టాటిన్ మాత్రల మాట అప్పుడే ఎత్తాల్సింది.

ల్యాబ్‌బల్ల:
లైపోప్రొటీన్-ఎ పరీక్ష చేయించారా? ఎల్‌డీఎల్ లాంటి కొవ్వు కణమే అది, పెరిగితే గుండెకు ముప్పు. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో అది రాదండీ, విడిగా రాస్తేనే చేస్తాం. ఆఫ్రికన్ మూలాలున్నవాళ్లలో సగటున తెల్లవాళ్లకంటే బాగా ఎక్కువుంటుంది, దాదాపు అంతా జన్యువులే నిర్ణయిస్తాయి, తిండి మార్చినా పెద్దగా తగ్గదు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు పెంచే అంశంగా లెక్కేయమని 2018 అమెరికన్ మార్గదర్శకాలే చెప్పాయి. ఒక్కసారి చేయించినా చాలావరకు సరిపోతుంది.

లిపిడ్‌క్లినిక్:
ఇంకో మాట, ఇది నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. 2006లో కోహెన్, హాబ్స్ బృందం చూపించిందేమిటంటే, నల్లవాళ్లలో 2.6 శాతం మందికి, రక్తంలో ఎల్‌డీఎల్ పెరిగేలా చేసే పీసీఎస్‌కే9 అనే జన్యువు పనిచేయకుండా చేసే మార్పులున్నాయి, వాళ్లకు ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువ. 2015లో వచ్చిన, పీసీఎస్‌కే9ను అడ్డుకుని ఎల్‌డీఎల్ తగ్గించే ఇంజెక్షన్లకు దారి చూపింది అదే. మరి ఆ వర్గం రోగులకు మామూలు స్టాటిన్ కూడా తక్కువగానే రాస్తున్నారు.

రాత్రిషిఫ్ట్:
లైపోప్రొటీన్-ఎ ఎవరూ రాయలేదట, ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. గురువారం చెకప్ ఉంది, ఆ పేరు కాగితం మీద రాసిచ్చాను. ఇద్దరు కూతుళ్లున్నారు, వాళ్లకీ చేయించమని చెప్పాను.