అప్‌డేట్: పిల్లి షుగర్ ఇంట్లో ఒకలా, క్లినిక్‌లో ఒకలా, కారణం తెలిసింది

పర్లాకిమిడి నుంచి మళ్లీ రాస్తున్నాను. మా పిల్లికి షుగర్ ఇంట్లో 150 దగ్గర, క్లినిక్‌లో 350 పైన వస్తోంది, ఏది నమ్మాలని నెల కిందట అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బరంపురంలో డాక్టర్‌గారు ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయించారు. అందులో గత రెండు మూడు వారాల సగటు తెలుస్తుంది. అదుపులోనే ఉంది. ప్రయాణం, కొత్త మనుషుల భయం వల్లే క్లినిక్‌లో పెరుగుతోందట. ఇన్సులిన్ పెంచలేదు. పెంచి ఉంటే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వచ్చేదేమో, తలుచుకుంటేనే టెన్షన్.

రక్తం చుక్క రావడానికి, చెవిని గోరువెచ్చని గుడ్డతో కాసేపు పట్టుకుని అంచున గుచ్చమన్న సలహా బాగా పనిచేసింది. స్ట్రిప్స్ పాడయ్యాయన్న నా అనుమానం తప్పు, కొత్త డబ్బాతోనూ అవే అంకెలు. మనుషుల మీటర్ పిల్లులకు కాస్త తక్కువ చూపిస్తుందట, అందుకే ఎప్పుడూ ఒకే మీటర్ వాడమన్నారు.