‘ద్రేఆమ్’ అంటే కలేనా?

అడిగినవారు: ప్రాచీన ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌లోని ఒక పాదం కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. చీకటిలో పొంచి ఉన్న గ్రెండెల్ అనే రాక్షసుడు, సభామందిరంలో రోజూ బిగ్గరగా మోగే ‘ద్రేఆమ్’ విని ఓర్వలేకపోయాడని అందులో ఉంది. ‘హ్లూద్నె ఇన్ హెయల్లె’ (సభలో బిగ్గరగా) అన్న తునకే నాకు గుర్తుంది. నేటి ‘డ్రీమ్’ ఇదే మాట అయితే, కల చెవిన పడడం ఎలా పొసగుతుంది?

తెనాలి మాస్టారు: అక్కడ కల లేదండీ. ప్రాచీన ఇంగ్లీషు రాతల్లో ఆ మాటకు ఉల్లాసం, సంగీతం అనే అర్థాలే కనబడతాయి. ఆ పాదం వెంటనే హార్ప్ అనే తంత్రీవాద్యం మోత, గాయకుడి పాట వస్తాయి కదా. కలకు వారి మాట ‘స్వెవ్న్’, మన స్వప్నానికి దాయాది. సిలువను కలగన్న కావ్యం ‘స్వెవ్న్’తో మొదలై, చివర స్వర్గంలోని ఆనందాన్ని ‘ద్రేఆమ్’ అంటుంది.

వరంగల్ మిత్రుడు: మాస్టారు సగమే చెప్పారు. 13వ శతాబ్దికి అదే మాట కలకు పేరైంది. నార్స్ వారు, అంటే ఇంగ్లండులో స్థిరపడ్డ స్కాండినేవియన్లు, కలకు వాడిన ‘ద్రౌమ్ర్’ ప్రభావమే దానికి కారణమని నా నమ్మకం. ‘డ్వెల్’ చూడండి: దాని అర్థం మొదట దారి తప్పించడం, నార్స్ సావాసంతో నివసించడం అయింది.

విశాఖ పాఠకురాలు: ఆ ‘ఔ’ దగ్గరే నా పేచీ. మాటే అరువు వచ్చి ఉంటే ‘ఔ’ జాడ మిగలాలి. జర్మన్ ‘బౌమ్’కు ఇంగ్లీషు ‘బీమ్’ ఎలాగో, ‘ట్రౌమ్’ (కల)కు ‘డ్రీమ్’ అలాగే; అంటే రూపం ఇంటిదే. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన ప్రాచీన శాక్సన్ భాషలో ‘ద్రోమ్’కు ఆనందం, కల రెండూ అర్థాలైనప్పుడు, ఇంగ్లండులోనూ జనం నోట రెండూ ఉండి, మఠాల రాతగాళ్లు ఒక్కదాన్నే రాసి ఉండవచ్చు.

వరంగల్ మిత్రుడు: రూపం అరువని నేననలేదమ్మా, అర్థం అరువన్నాను. రాతలో లేనిది నోట్లో ఉందంటే ఏదైనా రుజువు చేయవచ్చు. పైగా కల అనే మాటను మోసగించడమనే ధాతువుకూ, ఆనందమనే మాటను చప్పుడుకూ ముడిపెట్టి, అవి మొదటినుంచీ వేరువేరు మాటలన్న వారున్నారు.

తెనాలి మాస్టారు: ఇవన్నీ అటుంచండి. నాకు ప్రాణమైన ప్రాచీన ఇంగ్లీషు కవి కేడ్‌మన్‌ను తలచుకోండి. పాడడం రాక, విందులో హార్ప్ తన దాకా వస్తోందని లేచిపోయి, పశువుల కొట్టంలో పడుకుంటే, ‘స్వెవ్న్’లో ఒకడు వచ్చి పాడమన్నాడు. ‘ద్రేఆమ్’ నుంచి పారిపోయి ‘స్వెవ్న్’లో కవి అయ్యాడు!

విశాఖ పాఠకురాలు: చమత్కారం బాగుంది మాస్టారూ, కానీ ఈ కథ చెప్పిన బీడ్ అనే సన్యాసి రాసిన చరిత్రకు ప్రాచీన ఇంగ్లీషు అనువాదంలో ఆ విందు సరదాకు వాడిన మాట ‘బ్లిస్సె’.