మేఘమథనం మళ్లీ మొదలుపెట్టాలా, వద్దా?

పల్లెచేను: మా అనంతపురం వైపు ఏడాది మొత్తానికి కురిసేదే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదైనా పైరు అడిగినప్పుడు కురవదు. మబ్బు కమ్ముతుంది, గాలి చల్లబడుతుంది, అంతలోనే తేలిపోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 తరువాత కొన్నేళ్లు మేఘమథనం, అంటే విమానంతో మబ్బుల్లో రేణువులు చల్లి వాన రాబట్టే పని, చేయించి ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టాలని నా వాదన.

తూనిక: విమానం మబ్బును పుట్టించదు. మబ్బులో నీటి కణం 0.02 మిల్లీమీటర్లు ఉంటే చినుకు 2 మిల్లీమీటర్లు. అంటే పది లక్షల కణాలు కలిస్తే ఒక చినుకు. ఆ కలయికకు ఊతం ఇవ్వడానికే చల్లని మబ్బులో సిల్వర్ అయోడైడ్, వెచ్చని మబ్బులో ఉప్పు రేణువులు చల్లుతారు. సూత్రంతో నాకు పేచీ లేదు. చల్లాక కురిసిన వాన, చల్లకపోయినా కురిసేదే కాదని ఎలా చెబుతారు? 1946 నవంబరులో అమెరికాలో విన్సెంట్ షేఫర్ విమానం ఎక్కి పొడి మంచు (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) చల్లిననాటి నుంచీ ఉన్న ప్రశ్న ఇది.

పల్లెచేను: షోలాపూర్‌లో తేల్చారు. పుణె వాతావరణ శాస్త్రవేత్తలు 2018, 2019లలో 276 మబ్బులు తీసుకుని, చీటీ వేసినట్టు కొన్నింటిలో చల్లి, కొన్నింటిని వదిలేశారు. చల్లినచోట సగటున 18 శాతం ఎక్కువ వాన.

నీలిఅంచు: 18 శాతం తక్కువేమీ కాదు.

తూనిక: దేనిలో 18 శాతం? ఆ మబ్బు ఎలాగూ కురిసేదానిలో, గాలివాలున వంద చదరపు కిలోమీటర్ల మేర. పది మిల్లీమీటర్లు పన్నెండుకు కాస్త తక్కువ అవుతుంది. అసలు మబ్బే పట్టని కరవు ఏడాదిలో దేనికి కలుపుతారు ఈ 18 శాతం?

పల్లెచేను: మళ్లీ అదే లెక్క! వేరుశనగ ఊడలు దిగే వారంలో ఆ రెండు మిల్లీమీటర్ల విలువ ఎంతో మీకు తెలుసా?

కొండగాలి: నేను మబ్బుల ఫొటోలు తీస్తాను. 1821, 1822లలో లండన్ పక్కన హాంప్‌స్టెడ్‌లో జాన్ కానిస్టబుల్ మబ్బుల బొమ్మలు వేసి, వాటి వెనక తేదీ, వేళ, గాలి దిక్కు రాసుకునేవాడు. ఒక చిత్రకారుడు పాటించిన పద్ధతి ఇది. మన దగ్గర చల్లిన ప్రతి మబ్బుకూ అలా రాశారా?

పల్లెచేను: బొమ్మల సంగతి మరోసారి మాట్లాడుకుందాం.

తూనిక: బొమ్మల సంగతి కాదు, అసలు సంగతే అది. నేను రెండేళ్లు మండల కార్యాలయంలో వర్షమాపకం చూశాను. ఉదయం ఎనిమిదిన్నరకు నీళ్లు గాజు కొలపాత్రలో పోసి, కంటికి సమంగా ఎత్తి పట్టుకుని అంకె రాసేవాణ్ని. 2.5 మిల్లీమీటర్లు ఉంటేనే అది వాన రోజు. ఆవరణ తడిసి, రోడ్డుకు అవతల దుమ్ము లేచిన రోజులున్నాయి. మండలమంతటికీ ఆ ఒక్క పాత్రే. విమానం తిరిగిన మరునాడు నేను రాసిన అంకెను ఫలితం కింద చూపించారు. ఏ మబ్బులో చల్లారో, గాలి ఎటు వీచిందో అందులో లేదు.

పల్లెచేను: నీడపట్టున నిలబడి పాత్ర చూసినవారికి చేను గోడు ఎలా తెలుస్తుంది? మీ ఇంట్లో ఎవరైనా ఒక్క ఎకరం విత్తారా?

తూనిక: మా నాన్న విత్తాడు. ఆ విమానం చప్పుడు విని విత్తాడు. గట్టు మీద నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అది కనుమరుగయ్యేదాకా చూశాడు. సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. "కురిపిస్తున్నారు, ఇంకా పడుతుంది" అని మరునాడే గొర్రు కట్టాడు. మూడు వారాలు చుక్క లేదు. సాలులో వేలితో మట్టి తీసి చూస్తే గింజ ఉబ్బి, అంగుళం మొలక వచ్చి, దారంలా ఎండిపోయి ఉంది. మరుసటి ఏడాది ఎద్దులు అమ్మాం. కురిపిస్తామని ఊళ్లో చెప్పిపోయినవాళ్లు, కురిసే మబ్బు ఇంకాస్త కురవవచ్చు, అంతే, అని ఎందుకు చెప్పలేదు? నా కోపం శాస్త్రం మీద కాదు, ఆ దాచిన మాట మీద.

నీలిఅంచు: అయ్యో.

పల్లెచేను: ఆ మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి. నా కడుపుమంట కూడా చెబుతాను. మా ఊరి మీదికి ఆ విమానం రానే లేదు. పక్క మండలం దాకా వచ్చి మళ్లిపోయేది. "మనం ఎవరి లెక్కలోనూ లేం" అనేవాడు మా నాన్న. రెండు మిల్లీమీటర్లో, నాలుగో, మా వంతు మాకు రావాలి కదా.

తూనిక: మీ వంతుగా ఊరికో వర్షమాపకం, పంటకుంట అడగండి. నేనూ సంతకం పెడతాను.

పల్లెచేను: కుంట మాకు తవ్వారు. రెండేళ్లుగా అడుగు తడవలేదు. ఊరూరా వర్షమాపకం పెట్టనివ్వండి, మీరన్న నిజం దండోరా వేసి చెప్పనివ్వండి, అన్నిటికీ ఒప్పుకుంటాను. విమానం మాత్రం వద్దనను.

తూనిక: ఆ మూడిట్లో మొదటి రెండూ జరిగాకే మూడోది. అంతవరకూ నేను వద్దనే అంటాను.